పదకొండు ముళ్ల దారం

ఆమె పోయిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఏళ్ల తరబడి ఒకే ల్యాబులో పనిచేసినవాణ్ణి, ఒకే రైల్లో పోయి వచ్చినవాణ్ణి. నాకు ఒక ఫోన్ చేయాలని ఎవరికీ తోచలేదు. పోయిన నెల పనిమీద ధర్మవరంలో దిగి, స్టేషన్ రోడ్డులో టీ తాగుతూ తలెత్తితే కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆమె ఫొటో కనబడింది. ఒక మూల కట్టు ఊడిపోయి ఫ్లెక్సీ గాలికి మడత పడుతోంది. ముఖం కనబడుతోంది, మళ్లీ పోతోంది. కింద తేదీ చదివాను. అప్పటికే పెద్దకర్మ కూడా అయిపోయింది.

టీ కొట్టాయన్ను అడిగితే, "మొదట జొరమన్న్యారు, మళ్ల గుండె అన్న్యారు. మంచి టీచరమ్మంట. నీకు తెలుసునా?" అన్నాడు.

నీకు తెలుసునా అని నన్ను అడిగాడు.

నన్ను ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడం కొత్త కాదు. ల్యాబులో పొగ బయటికి పంపే ఫ్యాను చెడిపోయిందని కాలేజీకి నేనిచ్చిన అర్జీలకు ఇప్పటికీ జవాబు లేదు. నేను రిటైరైన రోజు శాలువా కప్పినాయన మైకులో నా పేరు తప్పు చదివాడు. సరిచేయమని చీటీ పంపితే చూసి జేబులో పెట్టుకున్నాడు. ఇట్లాంటివి నాకు తేదీలతో సహా గుర్తుంటాయి. కానీ ఇప్పుడు రాస్తున్నది నా సంగతి కాదు, ఆమె సంగతి. నా తప్పు ఒకటి ఇందులో ఉంది కాబట్టి, దాని మేరకు నా సంగతి కూడా.

ఆమె హిందూపురంలో మా డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. కాంట్రాక్టు ఉద్యోగం. నేను ల్యాబ్ అసిస్టెంటును. ఆమెది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు, నాది పెనుకొండ. పొద్దున ప్యాసింజరు రైల్లో ఆమె ధర్మవరంలో ఎక్కేది, నేను పెనుకొండలో ఎక్కేవాణ్ణి, ఇద్దరం హిందూపురంలో దిగేవాళ్లం. పక్క సీటులో ఆమె సంచి పెట్టి ఉండేది. ఎవరైనా కూర్చోబోతే, "ఈడ మా ల్యాబన్న కూర్చుంటాడప్పా" అనేది. నా పేరు ఆ రైల్లో ఎవరికీ తెలియదు. చివరికి టికెట్ కలెక్టరు కూడా నన్ను ల్యాబన్నా అనేవాడు. అదీ నాకు కష్టంగానే ఉండేది.

రైలు కదలగానే ఆమె సంచిలోంచి పట్టుదారాల చిన్న ఉండ తీసేది. మగ్గం మీద నిలువు దారాల పాత పడుగు అయిపోయి కొత్త పడుగు అతికేటప్పుడు కొసలు మిగులుతాయి. ఆ మిగిలిన కొసలు ఆమె ఇంటినుంచి తెచ్చుకునేది. ఒక కొస పళ్లమధ్య పట్టుకుని, కిటికీలోంచి కొండను చూస్తూ, చేతుల వైపు చూడకుండానే ముళ్లు వేసేది. ఒక దారానికి ఒక ముడి. తర్వాతి దారానికి రెండు. దాని తర్వాత మూడు. ల్యాబుకు పోయాక వాటిని చిన్న గాజు సీసాల మెడలకు కట్టేది. మొదటి పొడికి ఒక ముడి, ఐదో పొడికి ఐదు ముళ్లు. కాగితం అంటిస్తే తడికి ఊడిపోతుంది, పెన్నుతో రాస్తే అసిటోన్ చుక్క పడగానే చెరిగిపోతుంది. దారం పోదు. కళ్లు మూసుకుని వేలితో తడిమినా ఏ సీసా ఏదో తెలిసేది. నేత ఇంట్లో పుట్టిన మనిషికి తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన అది.

ఆ సీసాల్లో ఏముందో చాలాకాలం నాకు చెప్పలేదు. ఆమె దాచలేదు, నేను అడగలేదు. చెప్పాల్సింది ఆమె కదా అని నేను బిగుసుకుని ఉన్నాను. ఒకరోజు గాజు సామాను గట్టిగా చప్పుడు చేస్తూ కడుగుతుంటే వచ్చి పక్కన నిలబడింది.

"ఏమన్నా, అంత ఇసుగ్గా కడుగుతాండావు?"

"ఏం కడుగుతాండానో తెలిస్తే ఇసుగు తగ్గుతాదేమో మేడం. మాకెవరు చెప్తారు?"

ఆమె నవ్వి, చాక్‌పీస్ తీసుకుని బల్లమీదే మగ్గం బొమ్మ వేసింది.

"టీబీ పురుగు సుట్టూరా మైనం గుడ్డ మాదిరి గోడ ఉంటాదన్నా. మందులు అంత సులభంగా లోపలికి పోవు. ఆ గుడ్డను అదే నేసుకుంటాది. నేసే పనోళ్లు దాని లోపలే ఉంటారు, ఎంజైమ్‌లంటాం. ఒక్కొక్కరిది ఒక్కొక్క పని. మనం పురుగును కొట్టబల్లేదు. మగ్గం ఆపితే సాలు." మగ్గం మధ్యలో నాడె గీసింది. పేక దారాన్ని అటూ ఇటూ మోసేది అది. దాని దారికి అడ్డంగా చిన్న గీత పెట్టింది. "ఈడ ఒగ అడ్డుపుల్ల పెట్టల్ల. గుడ్డ లేకుంటే పురుగు బతకదు."

"ఇప్పుడిచ్చే మాత్రల్లో అడ్డుపుల్ల లేదా?"

"ఉండాది. శానా పాతది. కానీ అది పచ్చిగా పోతాది లోపలికి. దానికి పదును పెట్టేది గూడా ఆ పురుగులోని ఇంకో పనోడే. కొన్ని పురుగుల్లో ఆ పనోడు పని మానేసినాడు. ఇంగ మాత్ర మింగినా మన్ను మింగినా ఒగటే. మనం ముందే పదును పెట్టిందాన్ని చేసి, నేరుగా మగ్గం కాడికి పంపల్ల."

"పనికొస్తాదా మేడం?"

"కంప్యూటర్‌ను అడిగితే వస్తాదంటాది. కంప్యూటర్‌కు దగ్గు రాదు కదన్నా. పురుగును అడగల్ల."

పురుగును అడిగే వసతి మా కాలేజీలో లేదు. బతికి ఉన్న టీబీ క్రిములను పెంచి, వాటిమీద మందు వేసి చూడాలంటే గాలి కూడా బయటికి పోని గదులు కావాలి. అట్లాంటి పెద్ద ల్యాబు దూరంగా ఒక నగరంలో ఉంది. పేరు రాయను. వాళ్లకే తెలుసు. మేము పొడులు చేసి పంపాలి, వాళ్లు పరీక్షించి ఒక కాగితం పంపాలి. అదీ ఏర్పాటు.

ఆమెకు ఈ పట్టుదల ఎందుకో రైల్లో తెలిసింది. ఒకరోజు పెనుకొండలో నాతోపాటు ఒకాయన ఎక్కాడు. అగళి దగ్గర గొర్రెలు మేపుకునే మనిషి, బక్కగా ఉన్నాడు. కూర్చున్నప్పటినుంచీ దగ్గు. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి అవతలికి పోయారు. నేనూ లేవబోయాను. ఆమె నా చొక్కా అంచు పట్టుకుని కూర్చోబెట్టి, కిటికీ పూర్తిగా పైకి లేపింది.

"ఏమప్పా, కళ్లె పరీక్ష చేయించినావా?"

"సేయించినానమ్మా. అదేనంట. మాత్రలిచ్చినారు. తింటే ఉచ్చ ఎర్రగా వస్తాంది, బయమైతాది."

"ఎర్రగా వస్తే బయమెందుకు, మందు లోపలికి పోయినట్టు. ఇప్పుడు గూడా తింటాండావు గదా?"

"యాడిది, రెండు నెల్లు తిన్న్యా. దగ్గు తగ్గె, ఒళ్లు కూడా పట్టె. ఇంగెందుకని ఆపేస్తి. మళ్లీ వచ్చె."

ఆమె ముఖం మారిపోయింది. ఆ మనిషిని పెనుకొండనుంచి హిందూపురం దాకా తిట్టింది. అంత కోపం ఆమెలో నేను అంతకుముందు చూడలేదు. "రెండు నెల్లకు ఆపితే సచ్చేది మెత్తని పురుగులప్పా. మొండివి మిగిలిపోతాయి. వాటికి మీరే మందు రుచి సూపించి మందుకు లొంగకుండా తయారుచేస్తాండారు." చివరికి ఆయన, "ఏమ్మా, నువ్వు డాక్టరమ్మా, పోలీసా?" అన్నాడు. పెట్టెలో అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. హిందూపురంలో దిగి క్లాసుకు పోకుండా ఆయన్ను ఆటోలో ఎక్కించుకుని గవర్నమెంటు ఆస్పత్రికి తీసుకుపోయింది. ఆరోజు ఆలస్యానికి ఆమెకు మెమో ఇచ్చారు. దానికి జవాబు రాయమంటే, "రాయను, నిజం రాస్తే సెలవు పెట్టలేదెందుకంటారు" అంది.

సాయంత్రం తిరుగు రైల్లో అడగకుండానే చెప్పింది. "మా నాయన గూడా అట్లే ఆపినాడన్నా. పెండ్లిండ్ల కాలం. చీరలు ఇవ్వల్లని షావుకారు రోజూ మనిషిని పంపేది. మాత్ర తింటే కడుపులో తిప్పి గుంతలో కూసోలేకపోతాండాడు. గుంత మగ్గం కదా, కాళ్లు లోపల పెట్టి దినమంతా ఉండల్ల. చీరలైనాక తింటాలే అన్న్యాడు. చీరలైనాయి. మళ్లీ తిన్న్యాడు. ఈసారి మందు పురుగుకు పట్టలే, పోయినాడు." కాసేపు ముళ్లు వేసింది. "నాకు అప్పుడు పదో తరగతి. మాత్రలు లెక్కపెట్టి ఇచ్చేది నేనే. ఆపినాడని తెలుసు. అమ్మతో చెప్పలే. నాయనే చెప్తాడులే అనుకున్న్యా."

అంతకు మించి ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు.

ఆమెకు ఒక పెద్ద నోటుపుస్తకం ఉండేది. నిలువుగా గీతలు కొట్టి, ప్రతి పొడికి ఒక వరుస. ఎట్లా చేశాం, రంగు ఏమిటి, ఎంత వేడికి కరిగింది, అన్నిటికంటే చివర జవాబు అని ఒక గడి. పెద్ద ల్యాబునుంచి కాగితం వచ్చిన రోజు నన్ను పిలిచేది. "రాయన్నా" అనేది. నా చేతనే రాయించేది. మొదటి విడత అన్నిటికీ 'లేదు'. రెండో విడత అన్నిటికీ 'లేదు'. నాకు ప్రాణం ఉసూరుమనేది. ఆమె మాత్రం ఆ సాయంత్రం స్టేషను ముందర బొరుగుల ఉగ్గాని, బజ్జి తినిపించేది.

"లేదని వస్తే విందేంది మేడం?"

"లేదు అనేది గూడా జవాబే కదన్నా. ఆ దోవ మూసుకున్నట్టు. ఇంగ ఆ పక్క ఎవురూ పోబల్లేదు. జవాబు రాకుంటేనే కష్టం, ఆడనే నిలబడి పోతాం."

"అవునని వస్తే ఏం తినిపిస్తారు?"

"అవునని వస్తే తినేకి టైం యాడుంటాది. మళ్లీ చేయల్ల, మళ్లీ చేయల్ల, ఇంగొకరితో చేయించల్ల."

ఈ మధ్యలో ఆమె వ్యాసం ఒకటి చిన్న పత్రికలో అచ్చయింది. చివర కృతజ్ఞతలు ఉన్నాయి. ప్రిన్సిపాల్‌కు, యాజమాన్యానికి, లైబ్రరీకి. సీసాలు కడిగినవాడి పేరు లేదు. నాలుగు రోజులు నేను వేరే పెట్టెలో ఎక్కాను. ఐదోరోజు పెనుకొండలో రైలు ఆగగానే ఆమే దిగి, నేనున్న పెట్టెలోకి వచ్చి టిఫిన్ డబ్బా నా ఒళ్లో పెట్టింది.

"నీ పేరు రాసినాన్నా. ప్రిన్సిపాల్ కొట్టేసినాడు. అటెండర్ల పేర్లు వేస్తే పరువు పోతాదంట."

"నేను అటెండర్ కాదు, అసిస్టెంటు."

"అదే చెప్పినా. ఈసారి మంచి జవాబు వస్తే ముందు నీ పేరే. కోపిష్టి అన్నకు అని వేస్తా."

మూడో విడత పదకొండు పొడులు. మొదటి పదీ బాగానే వచ్చాయి. పదకొండోదానిమీద ఆమెకు ఆశ ఎక్కువ. కంప్యూటర్ బొమ్మలో ఆ ఎంజైమ్ సందులో అది సరిగ్గా కూర్చుంది. కానీ ఫ్లాస్కులో గట్టిపడదే! వారాల తరబడి జిగటగా, పలచని బెల్లంపాకంలా అడుగున ఉండిపోయింది. ఒకరోజు ఫ్యాను అర్జీని చూడకుండానే పక్కన పడేశారని తెలిసి నేను కోపంగా ల్యాబులోకి వస్తే, ఆమె ఆ ఫ్లాస్కు నా చేతిలో పెట్టి గాజు కడ్డీ ఇచ్చింది.

"లోపలి గోడను గీకన్నా. కోపమంతా దానిమీద సూపించు."

గీకాను. ప్రిన్సిపాల్‌ను, ఆఫీసు మేనేజర్‌ను, శాంక్షన్ చేయని ప్రతివాణ్ణి తలచుకుంటూ గీకాను. గాజుమీద గాజు, చెవులు చిట్లే చప్పుడు. చూస్తుండగా కడ్డీ తగిలినచోట సన్నని తెల్లని మబ్బు లేచింది. అది పసుపుగా మారి, సూదులు సూదులుగా ఫ్లాస్కంతా పాకింది. ఆమె నోటిమీద చేయి పెట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు నేను చూసింది ఆ ఒక్కసారే. కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో తిప్పి తిప్పి చూసి, "జరీ మాదిరి ఉండాదన్నా" అంది.

వచ్చింది చిటికెడు. కరిగే వేడి చూడడానికి రవ్వంత తీసి, మిగతాదంతా సీసాలో పోసి పదకొండు ముళ్ల దారం కట్టింది. మిగుల్చుకోవడానికి ఏమీ లేదు.

ఇప్పుడు నా తప్పు.

సీసాలు పంపాల్సిన రోజుల్లో ఆమె తల్లికి బాగాలేక సెలవు పెట్టి ధర్మవరంలో ఉండిపోయింది. డబ్బా కట్టి పంపే పని నాకు అప్పగించింది. సీసాలు బల్లమీద వరుసగా పెట్టుకున్నప్పుడు ప్రిన్సిపాల్ లోపలికొచ్చాడు. వెంట ఇద్దరు కాలేజీ కమిటీవాళ్లు. ఒక సీసా రెండు వేళ్లతో దారం పట్టుకుని పైకెత్తి ఊపుతూ, "ఏమయ్యా, ఇది ల్యాబా, తాయెత్తుల అంగడా? ఇవి చూస్తే అక్కడివాళ్లు నవ్వరూ?" అన్నాడు. కమిటీవాళ్లు అప్పుడే నవ్వారు.

ఆ నవ్వు నాకు అరికాలినుంచి ఎక్కింది. వాళ్లు పోయాక కత్తెర తీసుకుని పదకొండు దారాలూ కత్తిరించాను. ఆఫీసులో టైపు చేయించి, కాగితం ముక్కలమీద నంబర్లు వేసి, ఒక్కో సీసాకు అంటించాను. ల్యాబులో గమ్ము ఎండిపోయి ఉంది. కొత్తది అడిగితే ఇవ్వలేదు, అది వేరే అర్జీ. పోస్టర్లకు చేసినట్టు మైదాపిండి ఉడికించి జిగురు చేశాను. ఎండాకాలం, పొడులు పాడవుతాయని థర్మోకోల్ డబ్బాలో ఐసు ప్యాకెట్లు నేనే పెట్టాను. చాలా నీటుగా ఉంది. పెద్దవాళ్లు పంపినట్టే ఉంది. దారాలు పారేయడానికి మనసొప్పక నా కళ్లద్దాల డబ్బాలో పెట్టుకున్నాను.

అదే జిగురుతో ఫ్రిజ్‌లోని మామూలు ద్రావణాల సీసాలకు కూడా కాగితాలు అంటించాను. నాలుగోరోజు తలుపు తీస్తే కాగితాలన్నీ తడిసి అడుగు ట్రేలో పడి ఉన్నాయి. సీసాలు నున్నగా, ఏది ఏదో తెలియకుండా నిలబడి ఉన్నాయి. నేను పంపిన డబ్బా అప్పటికే దారిలో ఉంది, ఐసుతో సహా.

తర్వాతి వారం రైల్లో ఆమె అడిగింది. "డబ్బా బాగా కట్టినావు గదన్నా?"

"కట్టినాను మేడం."

సీసాలు అందాయని, ఫలితాలు తెలియజేస్తామని రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. అంతే. దారాలతో పోయిన రెండు విడతలకూ జవాబు వచ్చింది. నా కాగితాలతో పోయినదానికి రాలేదు. ఆమె మళ్లీ రాసింది. ఫోన్ చేసింది. ఆ పరీక్షలు చూసే సారు మారిపోయారన్నారు, కొత్త సారును అడగాలన్నారు, కొత్త సారు మీటింగులో ఉన్నారన్నారు. నేనూ వాళ్లను తిట్టాను. ఆమెకంటే గట్టిగా తిట్టాను. ఎంత గట్టిగా తిడితే నా తప్పు అంత అడుగుకు పోతుందని కాబోలు. నోటుపుస్తకంలో ఆ పదకొండు గడులూ ఖాళీగానే ఉన్నాయి. ఆమె రోజూ ఒకసారి ఆ పేజీ తీసి చూసి మూసేది.

పదకొండోదాన్ని మళ్లీ చేయాలని రెండుసార్లు మొదలుపెట్టింది. ఇంతలో కెమిస్ట్రీ గ్రూపులో పిల్లలు చేరడం లేదని గ్రూపే ఎత్తేశారు. ల్యాబులో కంప్యూటర్లు పెట్టారు. ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. వీడ్కోలు సభ లేదు, శాలువా లేదు. చివరిరోజు నోటుపుస్తకాన్ని చీరల అంగడి కవరులో పెట్టుకుని దిగిపోయింది. మరుసటి రోజునుంచి రైల్లో నా పక్క సీటులో ఎవరైనా కూర్చునేవాళ్లు.

నేను రిటైరయ్యాక ఒకసారి ధర్మవరంలో ఆమె ఇంటికి పోయాను. చెప్పేద్దామనే పోయాను. ముందర గదిలో తమ్ముడి మగ్గం. ఆమె దాని ముందు కూర్చుని పడుగు అతుకుతోంది. వేళ్లకు బూడిద అద్దుకుని, పాత దారం కొస, కొత్త దారం కొస తీసుకుని రెండు వేళ్లమధ్య ఒక్క మెలి. తర్వాత ఇంకొకటి. ఇట్లా వేల దారాలు. ఇరుగుపొరుగు మగ్గాలకు కూడా ఆమే అతికి పెడుతోందని తెలిసింది.

"రాన్నా, కూసో. వాళ్లకు మళ్లీ రాసినా. సప్పుడు లేదు."

"వాళ్లు మనుషులు కాదు మేడం."

ఆమె వేళ్లు ఆగలేదు. ఇంకో ఇరవై దారాలు అతికింది. తర్వాత నా వైపు చూడకుండా అంది. "ఏమన్నా, ఏందో చెప్పేకి వచ్చినట్టుండావు?"

కళ్లద్దాల డబ్బా నా జేబులోనే ఉంది.

"ఏం లేదు మేడం. ఊరికే, సూసి పోదామని."

"సరే." ఇంకో దారం మెలి వేసింది. "కాఫీ తాగి పో."

తాగి వచ్చేశాను. ఆమెను చూడడం అదే ఆఖరు.

ఫ్లెక్సీ చూసిన రోజు నేరుగా ఆ ఇంటికే పోయాను. తమ్ముడు మగ్గం దిగి వచ్చాడు. నేను మొదట పోట్లాడాను. నాకెందుకు చెప్పలేదన్నాను. ఆ పిల్లవాడు, పిల్లవాడేమిటి, తల నెరిసింది, ఆమె ఫోన్ తెచ్చి చూపించాడు. "అక్క ఫోన్లో ఉండేటోళ్లందరికీ చేసినామన్నా. నీ పేరు యాడుందో సూడు." పేరు లేదు. నా నంబరు ఉంది. దాని పైన 'ల్యాబు' అని ఉంది. "కాలేజీ ల్యాబుదేమో, దాన్ని మూసేసినారు గదా అని చేయలేదన్నా" అన్నాడు.

ఫోన్ తిరిగి ఇచ్చేశాను.

లోపలినుంచి ఆ కవరు తెచ్చి ఇచ్చాడు. "ఇది నీకే ఇయ్యమనింది. నువ్వొస్తావని తెలుసంట." లోపల నోటుపుస్తకం. మూడో విడత పేజీ మధ్యలో ఆమె పెద్ద ల్యాబుకు రాసిన ఉత్తరం నకలు మడిచి ఉంది. నాకొచ్చిన ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివాను. సీసాలమీద పేర్లు ఊడిపోయి ఉండవచ్చు, ఆ కాగితాలు నేనే సరిగా అంటించలేదు, అని రాసింది. నేనే అని. పేర్లు లేకపోయినా పరవాలేదు, ఏ పొడి ఎంత వేడికి కరుగుతుందో పట్టిక జత చేస్తున్నాను, కరిగించి చూస్తే ఏది ఏదో మీకే తెలుస్తుంది, దయచేసి జవాబు ఇవ్వండి, అని రాసింది. ఆ ఉత్తరం తేదీ చూశాను. నేను ఆమె ఇంట్లో కాఫీ తాగి వచ్చినదానికి చాలా ముందుది.

పేజీ అంచున పెన్సిలుతో ఆమె చేతిరాత: "దారాలు అన్న కళ్లద్దాల డబ్బాలో సూసినా. అడగను. ఆయనే చెప్తాడు."

మగ్గం గుంత అంచున కూర్చుండిపోయాను. తమ్ముడు నీళ్లు తెచ్చిచ్చాడు. "ఏమైందన్నా?" అన్నాడు. అప్పుడు అతనికి మొత్తం చెప్పాను, ఇక్కడ రాసినట్టే. అతను విని, "అక్కకు చెప్పింటే బాగుండు" అన్నాడు. నా జీవితంలో నన్ను చాలామంది చాలా మాటలన్నారు. అన్నీ గుర్తుపెట్టుకుని తిరిగి అన్నాను. ఈ ఒక్క మాటను మాత్రం ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

ఇన్నేళ్లు నాకెవరూ జవాబు చెప్పలేదని అందరిమీదా కోపం పెట్టుకుని తిరిగాను. నా జవాబు కోసం ఒక మనిషి పడుగు అతుకుతూ కూర్చుని ఉందని తెలియలేదు. ఆలస్యంగానైనా ఇప్పుడు చెబుతున్నాను. దారాలు కత్తిరించింది నేను. మైదా జిగురు నాది. ఐసు పెట్టింది నేను. ఆమె తప్పు రవ్వంత కూడా లేదు. పెద్ద ల్యాబువాళ్లారా, ఆమె రాసిన ఆ వాక్యాన్ని మీ ఫైల్లో కొట్టేసి నా పేరు రాయండి. పేరు మాత్రం తప్పు రాయకండి.

నేను చెప్పవలసింది చెప్పాను. ఇక మీరు.

ఆ డబ్బా తెరిచిన వాళ్లు ఎవరో, ఆ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న వాళ్లు ఎవరో, ఇది మీకే. పేర్లు ఊడిపోయాయనే సాకు మీకు లేదు. ఆమె పట్టిక మీ దగ్గరికి వచ్చింది. కాగితం తడికి ఊడుతుంది కానీ, ఒక పొడి కరిగే వేడి ఎన్నేళ్లయినా మారదని నాకు ఆమే నేర్పింది. మీ అరల్లో ఎక్కడో పదకొండు చిన్న సీసాలు ఉంటాయి. వాటిలో ఒకదాని అడుగున పసుపుపచ్చని సూదులు చిటికెడు ఉంటాయి. అది ఆ పురుగు మగ్గాన్ని ఆపిందా, లేదా? ఆపకపోతే ఆపలేదని చెప్పండి. పరీక్షే చేయకపోతే చేయలేదని చెప్పండి. సీసాలు పారేసి ఉంటే పారేశామని చెప్పండి. నోటుపుస్తకం ఇప్పుడు నా దగ్గర పెనుకొండలో ఉంది, ఆ పేజీలో పదకొండు ముళ్ల దారం పెట్టి ఉంచాను. చివరి గడి ఖాళీగా ఉంది. దానిలో రాసే పని ఎప్పుడూ నాదే. 'లేదు' అన్నా చాలు, రాసుకుంటాను. జవాబు ఇవ్వండి.